ఇల్లు, ఊరు, థీసిస్: లెక్కల్లోకి రానోళ్ళు ఎవరు?

ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంల మార్లవాయి అని ఒక గోండు ఊరుంది, అక్కడ పక్కపక్కనే రెండు సమాధులుంటయ్. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, రెండోది ఆమె భర్త, వియన్నాల పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ది. బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌ల చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలనే కట్టిన్రు, ఆయన 1995ల లండన్‌ల పోయిండు, 2012ల కొడుకు ఆయన అస్థికలు పట్టుకొచ్చి తల్లి పక్కన పెట్టిండు. ఇప్పటికీ జనవరి 11 వస్తే ఆ ఊరోళ్ళు వర్ధంతి చేస్తరు. పరిశోధన కోసం వచ్చిన మనిషి చివరికి ఆ ఊరి మట్టిలనే కలిసిపోవడం అంటే మామూలు విషయం కాదు గదా.

ఆయన ఇక్కడ ఇన్నేండ్లు ఉండుడు కూడా అనుకొని చేసుకున్న ఏర్పాటేం కాదు. 1939ల యుద్ధం మొదలయ్యేటప్పటికి ఆయన చేతిల ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్, ఎందుకంటే అంతకు ముందేడాదే హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నడు, దాంతోని బ్రిటిషోళ్ళ లెక్కల శత్రుదేశపు మనిషి అయిపోయి హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దని కట్టడి పడ్డది. 1940ల జోడేఘాట్ కాడ కుమ్రం భీంను కాల్చి చంపినంక గోండులు ఎందుకింత తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అక్కర పడ్డది, అట్ల ఆయన ఆదిలాబాద్ అడవులకు వచ్చిండు. వచ్చి మార్లవాయిల గుడిసెల ఉన్నడు, గోండుల భూముల గురించి సర్కారుకు రిపోర్టులు రాసిండు, తర్వాత సర్కారుకే సలహాదారు అయ్యిండు, గోండు పిల్లలకు బడులు, టీచర్ల ట్రైనింగ్ మొదలుపెట్టించిండు. కొడుకును ఊరోళ్ళు లచ్చు పటేల్ అని పిలుచుకున్నరు. ఇందుల ఎక్కడిదాకా ఉద్యోగం, ఎక్కడి నుంచి సొంత జీవితం అని గీత గీయమంటే ఎవ్వరూ గీయలేరు.

ఇక్కడ బెట్టీ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలె. ఆమె భర్త వెంబడి టూరిస్టు లెక్క తిరగలేదు, ఫీల్డ్‌ల ఆయనతోపాటే ఉండి రోజువారీ డైరీలు రాసింది, పనిల సగం మోసింది, కొన్ని పుస్తకాల మీద ఆయన పేరుతోపాటు ఆమె పేరు కూడా ఉంది. అట్ల పేరు ఎక్కుడు చాలా అరుదు. ఈ వ్యాసంల అసలు విషయం ఇదే. సొంత బతుకు, పరిశోధన కలిసిపోవుడు తప్పని ఎవ్వరూ అనలేరు, అవి కలుస్తయ్, కలవకుండ ఆపుడు మనిషితోని అయ్యే పని కాదు. కానీ కలిసిన చోట ఎవరిదో కష్టం, ఎవరిదో మాట, ఎవరిదో టైం థీసిస్ లోపటికి పోతది, పోయి కనపడకుండ అయితది.

వర్క్‌షాపులల్ల పీహెచ్‌డీ చేసే స్కాలర్లకు చెప్పే సలహా ఒకటుంటది, పర్సనల్ లైఫ్ వేరు ప్రొఫెషనల్ లైఫ్ వేరు, రెండిటినీ కలపొద్దు అని. పది నుంచి ఐదు దాకా ఆఫీసుల కూసొని తాళం వేసి ఇంటికి పోయే నౌకరీకి అది సరిపోతదేమో. ఇక్కడి స్కాలర్ పరిస్థితి వేరే. ఒకప్పుడు వరంగల్ జిల్లా పిల్లగాడు రీసెర్చ్ చేయాలంటే హైదరాబాద్ పోవాల్సిందే, దేవనూరుల 1925ల పుట్టిన బిరుదురాజు రామరాజు గారు అట్లనే ఉస్మానియాకు పోయి, చదువుకున్నోళ్ళు జానపద పాటల్ని సాహిత్యమే కాదనుకునే కాలంల, వాటి మీదనే పీహెచ్‌డీ చేసిన్రు. ఊరికీ యూనివర్సిటీకీ నడుమ వంద మైళ్ళ దూరం ఉండేది, ఆ దూరమే ఇంటినీ పనినీ వేరు చేసేది. తర్వాత 1976ల కాకతీయ యూనివర్సిటీ వచ్చింది, 2006ల నిజామాబాద్‌ల తెలంగాణ యూనివర్సిటీ, 2008ల కరీంనగర్‌ల శాతవాహన, ఇగ ములుగుల సమ్మక్క సారక్క పేరు మీద గిరిజన యూనివర్సిటీకి 2023ల పార్లమెంటుల చట్టం అయ్యింది. చదువు ఊరికి దగ్గరికొచ్చింది, అది మస్తు మంచి పని, అందులో అనుమానమే లేదు, ఇంట్ల మొదటిసారి కాలేజీ మొఖం చూసినోళ్ళు కూడా పీహెచ్‌డీ దాకా వస్తున్నరంటే దానివల్లనే. కానీ దాంతోని ఇల్లు, ఫీల్డ్, డిపార్ట్‌మెంట్ మూడూ యాభై కిలోమీటర్ల లోపట్నే పడ్డయ్. శనివారం కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ కాడ బస్ ఎక్కిన స్కాలర్ ఇంటికి పోతున్నడా ఫీల్డ్ వర్క్‌కు పోతున్నడా అంటే, రెండిటికీ.

సొంత ఊరి మీద, సొంత కులం మీద, సొంత పని మీద రీసెర్చ్ చేసుడుల లాభం ఎంతో ఉంది. వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేసే ఇంట్ల పుట్టిన అమ్మాయి నేతపని మీద పీహెచ్‌డీ చేస్తుందనుకుందాం. వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ, అంటే ఈ సరుకు ఈ జాగదే అన్న గుర్తింపు వచ్చిందన్న ముక్క ఎవరైనా ఫోన్ల చూసి రాస్తరు, కానీ మగ్గం చప్పుడు విని పని సాఫీగ నడుస్తుందో పోగులు తెగుతున్నయో చెప్పుడు బయటోళ్ళ తరం కాదు. పడుగు, పేక, కండె, ఆసు అనే మాటలు ఆమెకు డిక్షనరీల దొరికినవి కావు. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర బాకీ ఎట్ల మొదలైతదో, అది తీరకుండ ఎట్ల సాగుతదో, ఎవరినీ అడగకుండనే తెలుసు.

ఆ తెలిసి ఉండుట్లనే ఒక గుడ్డితనం కూడా ఉంటది. చిన్నప్పటి నుంచి అమ్మ, నానమ్మ పొద్దుందాక కూసొని కండెలకు నూలు చుట్టుడు చూసింది గాబట్టి అది ఆమెకు ఇంటి పని. అన్నం వండినట్టు, వాకిలి ఊడ్చినట్టు. ప్రశ్నాపత్రం తయారు చేసినప్పుడు 'ఇంట్ల నేతపని చేసేవాళ్ళు ఎంతమంది' అని ఒక కాలమ్ పెడితే, నాన్న ఒక్కడే అని జవాబొస్తది, ఆమె కూడా ఒకటి అని రాసుకుంటది. ఎక్కడినుంచో వచ్చిన మనిషైతే 'మరి ఈమె చేస్తున్నదేంది?' అని అడిగేది. సొంతోళ్ళు అడగరు, అడగాలన్న ఆలోచనే రాదు. అట్ల లోపటి మనిషి రాసిన థీసిస్‌ల లోపటి ఆడోళ్ళే మాయమైతరు. ఇది మగ్గం ఇండ్లల్లనే కాదు, బీడీలు చుట్టే ఇండ్లల్ల, పాడి ఉన్న ఇండ్లల్ల, పత్తి చేన్ల, ఎక్కడ చూసినా ఇదే కథ.

ఇగ రెండో చిక్కు, ఇది ఇంకా సున్నితమైనది. కౌలు రైతుల అప్పుల మీద పనిచేసే స్కాలర్ తన మేనమామ ఊరికి పోయిండనుకోండి. రాత్రి అన్నం తినుకుంట మామ తన అప్పుల సంగతి చెప్తడు, ఎవరి దగ్గర ఎంత మిత్తికి తెచ్చిండు, బిడ్డ పెండ్లికి పెట్టుకున్న పైసలు బోరుకు ఎట్ల పోయినయ్, అత్తమ్మ పుస్తెలతాడు ఎక్కడ కుదువ పెట్టిండు. ఈ మాటలు మామ ఎవరికి చెప్పిండు? అల్లునికి చెప్పిండా, రీసెర్చ్ స్కాలర్‌కు చెప్పిండా? మామకైతే అల్లుడే కనపడ్డడు, ఎదురుంగ కూసొని అన్నం తింటున్న అల్లుడు. స్కాలర్‌కు మాత్రం ఆ రాత్రి దొరికింది మూడో అధ్యాయానికి బంగారం లాంటి డాటా. పేరు మార్చి రాస్తే సరిపోతది అంటరు. మూడొందల ఇండ్ల ఊర్ల పేరు మారిస్తే ఏమైతది? ఐదెకరాల కౌలు, రెండు బోర్లు ఫెయిల్, ఇద్దరు ఆడపిల్లలు, పెద్దబిడ్డ నర్సింగ్ చదువుతుంది అని రాస్తే చాలు, ఊరంతా గుర్తుపడ్తది. పైగా ఇప్పుడు థీసిస్ ఏ బీరువాల పడి ఉండదు, శోధగంగ అనే థీసిస్‌ల వెబ్‌సైట్‌ల అప్‌లోడ్ అయితది, ఎవరైనా ఎక్కడినుంచైనా తెరిచి చదవొచ్చు. చదవలేని మనిషి ఒక్కడే, అది మామ, ఎందుకంటే అది ఇంగ్లీషుల ఉంటది.

అందుకని సంతకం పెట్టించే ఫారం ఒకటుంటది గదా అనొచ్చు. ఉంటది, కానీ మేనల్లుడు కాయితం ముందట పెడితే మామ చదవడు, 'నువ్వు పెట్టమంటే పెడ్త తీయ్' అని పెడ్తడు. ఆ సంతకం చుట్టరికానికి పెట్టింది, పరిశోధనకు పెట్టింది కాదు. ఈ తేడా పట్టించుకోకపోతే ఫారం ఉన్నా లేనట్టే. కనీసం అన్నం తిన్న రాత్రి విన్నది అట్లనే రాసేసుకోకుండ, ఇంకో రోజు పొద్దుగాల పోయి, 'మామా, మొన్న చెప్పినయ్ నా పుస్తకంల రాసుకోవాలనుకుంటున్న, ఏవి రాయాలె ఏవి వద్దు చెప్పు' అని అడుగుడు వేరే పని. అట్ల అడిగితే పుస్తెలతాడు సంగతి వద్దంటడు, అప్పు సంగతి రాయమంటడు, చాలాసార్లు గట్లనే అయితది. థీసిస్‌ల ఒక పేరా పోతది, పోనీ.

ఊరి సంగతి ఇట్లుంటే ఇంటి సంగతి ఇంకో రకం. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏండ్లు, మామూలుగ 6 ఏండ్ల దాకా టైం, దాని మీద ఇంకో 2 ఏండ్లు రీ-రిజిస్ట్రేషన్, మహిళలకు, 40 శాతం కంటే ఎక్కువ వైకల్యం ఉన్నోళ్ళకు మరో 2 ఏండ్లు. అంటే ఇరవై ఐదేండ్లకు చేరిన మనిషి ముప్పై దాటినంక బయటికొస్తడు, కరెక్టుగ అదే వయసుల పెండ్లి, పిల్లలు, అమ్మానాన్నల దవాఖానా ఖర్చులు వస్తయ్. జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినోళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేండ్ల తర్వాత 42,000 వస్తది, ఇల్లు గడుస్తది. జేఆర్ఎఫ్ రానోళ్ళు పొద్దున ప్రైవేట్ కాలేజీల క్లాసులు చెప్పి, సాయంత్రం కోచింగ్ సెంటర్ల చెప్పి, రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరుస్తరు. ఆ రాత్రి పదింటికి పిల్లల్ని పండబెట్టేది ఎవరు, బోళ్ళు తోమేది ఎవరు, పొద్దున టిఫిన్ డబ్బా కట్టేది ఎవరు? మళ్ళీ కండెలు చుట్టే అమ్మ కాడికే వచ్చినం. ఫీల్డ్‌ల ఆడోళ్ళ పనిని లెక్కపెట్టని కన్ను ఇంట్ల ఆడోళ్ళ పనిని కూడా లెక్కపెట్టదు, రెండూ వేరు వేరు తప్పులు కావు, ఒక్కటే.

స్కాలరే ఆడమనిషైతే లెక్క తలకిందులైతది, ఆమె టైమే పోతది. మొత్తం కోర్సుల 240 రోజుల దాకా మెటర్నిటీ లేదా చైల్డ్ కేర్ సెలవు ఇవ్వొచ్చని నిబంధన ఉంది, అది వచ్చినందుకు సంతోషించాలె, మస్తుమందికి ఆ సంగతి తెల్వదు కూడా, తెలిసినోళ్ళు అడగడానికి భయపడ్తరు. కానీ నిబంధన రాసినోళ్ళు తండ్రికి ఒక్క రోజు కూడా రాయలేదు. పిల్లల పని తల్లిదే అని ఇంట్ల అనుకునే మాట రూల్స్ పుస్తకంల కూడా ఎక్కింది. పెండ్లయి హన్మకొండ నుంచి మంచిర్యాలకో జగిత్యాలకో పోయిన స్కాలర్ లైబ్రరీ కోసం రైలెక్కాలంటే ముందు అత్తగారింట్ల పర్మిషన్, తర్వాత పిల్లను చూసేటోళ్ళు, తర్వాత గైడు టైం, ఈ మూడు ఒక్క రోజు కుదరాలె.

ఇక్కడ ప్రొఫెసర్ జయశంకర్ సార్ గురించి ఒక మాట. అక్కంపేటల 1934ల పుట్టి, ఆర్థికశాస్త్రం చెప్పి, కాకతీయ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ చేసి, తెలంగాణకు నిధుల్ల నీళ్ళల్ల నౌకర్లల్ల ఎంత అన్యాయం జరిగిందో లెక్కలతోని ఊరూరా చెప్పిన మనిషి. 1952 ముల్కీ ఉద్యమం నాటి నుంచి 2011ల చనిపోయేదాకా ఆయనకు పరిశోధన, ఉద్యమం, బతుకు మూడూ ఒక్కటే, పెండ్లి కూడా చేసుకోలేదు. వరంగల్‌ల ఏ డిపార్ట్‌మెంట్‌కు పోయినా ఆయన ఫోటో ఉంటది, స్కాలర్ అంటే అట్లుండాలె అంటరు. ఆయన మీద ఆ గౌరవం పూర్తిగా న్యాయమైనదే, అందుల ఒక్క అక్షరం తక్కువ చేసేది లేదు. కానీ ఆయన జీవితాన్ని అందరికీ కొలబద్ద చేసి, ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లిని, మంచంల పడ్డ నాన్నను చూసుకునే కొడుకును దాంతోని కొలుస్తే అది ఆయనకూ అన్యాయమే, వీళ్ళకూ అన్యాయమే. ఆయన ఎవరినీ ఇల్లు వదిలిపెట్టి రమ్మనలేదు. ఇంటి బాధ్యతతోని లేటైన స్కాలర్‌ను 'సీరియస్‌నెస్ లేదు' అని ఒక్క ముక్కల తేల్చేసే అలవాటు మాత్రం అక్కడి నుంచే వచ్చింది అనిపిస్తది, త్యాగమే సీరియస్‌నెస్‌కు గుర్తు అనుకునే అలవాటు.

గైడు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అయితది. మన దగ్గర గైడు-స్కాలర్ సంబంధం సగం గురుశిష్యులు, సగం చుట్టరికం లెక్క ఉంటది. గైడు తన జేబుల పైసలిచ్చి ఫీజు కట్టించిన సందర్భాలుంటయ్, పండుగకు ఇంటికి పిలిచి అన్నం పెట్టినోళ్ళున్నరు, హాస్టల్ల ఉండే పిల్లలకు ఆ ప్రేమ చాలా పెద్దది. అదే చుట్టరికం ఇంకో రూపంల కూడా ఉంటది. సార్ ఇంట్ల ఫంక్షన్ అయితే కుర్చీలు వేసేది స్కాలర్లే, మేడం కొడుకును బడి నుంచి తెచ్చేది స్కాలరే, కరెంటు బిల్లు, బ్యాంకు పని, ఆఖరికి సార్ రాయాల్సిన పేపర్ కూడా. వద్దని చెప్పలేరు, ఎందుకంటే అడిగినప్పుడు అది ఆర్డర్ లెక్క అడగరు, ఇంటోళ్ళను అడిగినట్టు అడుగుతరు. 'నువ్వు మా ఇంటి మనిషివి గదా' అనే మాట ప్రేమతోని అన్నా అధికారంతోని అన్నా వినడానికి ఒక్కతీరుగనే ఉంటది. తేడా ఎక్కడ తెలుస్తది అంటే, ఒక్కసారి కాదన్నంక చాప్టర్ కరెక్షన్ ఎన్ని రోజులకు తిరిగొస్తదో చూస్తే తెలుస్తది. ఆడపిల్లల విషయంల ఇది ఇంకా ప్రమాదకరం, అందుకనే లైంగిక వేధింపుల మీద యూజీసీ 2015 నిబంధనల్ల, కంప్లైంట్ ఎవరి మీద వచ్చిందో వాళ్ళ చేతిల ఆ అమ్మాయి పనిని మూల్యాంకనం చేసే అధికారం ఉండకుండ ఆపాలని ఉంది. ఇల్లు లాంటి డిపార్ట్‌మెంట్ కావాలనుకునేటోళ్ళు, ఇంట్ల కూడా కొట్లాడి బయటపడడానికి తలుపు ఉండాలన్న సంగతి మర్చిపోవద్దు.

పేరు గురించి కూడా కొంచెం. మన ఇంటిపేరు ముందుంటది, జర్నల్స్ మాత్రం చివరి ముక్కనే ఇంటిపేరు అనుకుంటయ్, దాంతోని కుమార్, రావు, గౌడ్, రెడ్డి అనేవి ఇంటిపేర్లై కూసుంటయ్, వందలమంది కుమార్ల పేపర్లు ఒకరివి ఇంకొకరి ఖాతాల పడ్తయ్. పెండ్లయినంక ఇంటిపేరు మారిన అమ్మాయికి ముందు రాసిన పేపర్లు ఒక మనిషివి, తర్వాత రాసినవి ఇంకో మనిషివి అయినట్టు కనిపిస్తయ్. 2012ల మొదలైన ఓఆర్‌సీఐడీ అనే 16 అంకెల నంబర్ దీనికి మంచి మందు, పేరు ఎన్నిసార్లు మారినా నంబర్ మారదు, పైసలు కూడా అడగరు, మొదటి పేపర్ పంపకముందే తీసుకోవాలె.

సోషల్ మీడియా సంగతి ఎక్కువ చెప్పే పనిలేదు. ప్రొఫైల్ కింద 'అభిప్రాయాలు వ్యక్తిగతం' అని రాసుకుంటరు గానీ హన్మకొండ లాంటి ఊర్ల ఆ గీత ఎవ్వరూ చూడరు, నయీంనగర్‌ల పెట్టిన పోస్టు సుబేదారిల చాయ్ తాగే లోపట డిపార్ట్‌మెంట్‌కు చేరుతది. చుట్టాల వాట్సాప్ గ్రూపుల రాసిన మాట కూడా స్కాలర్ మాటగనే తిరుగుతది. తన సబ్జెక్టు మీద తెలిసింది తెలిసినట్టు చెప్పుడు స్కాలర్ పని, దానికి భయపడొద్దు, మిగతా వాటి మీద ఒక రాత్రి ఆగి రాస్తే నష్టమేం లేదు.

మరి కలిసిపోయిన వీటిని ఏం చేయాలె అంటే, థీసిస్‌లనే రాయాలె. ఇక్కడ చాలామంది గైడ్లు 'నేను' అనే మాట కనపడితే ఎర్ర పెన్నుతోని కొట్టేస్తరు, అది శాస్త్రీయం కాదంటరు. ఎం.ఎన్. శ్రీనివాస్ అంతటి సామాజికశాస్త్రవేత్తకు 1970ల అమెరికాల స్టాన్‌ఫోర్డ్‌ల ఉన్నప్పుడు ఎవరో నిప్పు పెడితే, మైసూరు దగ్గరి పల్లె మీద ఏండ్ల తరబడి తయారు చేసుకున్న నోట్స్ మూడు కాపీలూ కాలిపోయినయ్, అప్పుడాయన గుర్తున్నదాన్ని పట్టుకొని పుస్తకం రాసిండు. అందుల తాను ఏ కులం మనిషిగ ఊర్ల అడుగుపెట్టిండో, ఎవరింట్ల ఉన్నడో, దానివల్ల ఎవరి దగ్గరికి పోగలిగిండో ఎవరి దగ్గరికి పోలేకపోయిండో దాచకుండ చెప్పుకున్నడు. అట్ల చెప్పుకున్నందుకు ఆ పుస్తకం విలువ తగ్గలేదు, ఎక్కడిదాకా నమ్మాలో చదివేటోళ్ళకు తెలిసింది. మన స్కాలర్ కూడా మెథడాలజీ చాప్టర్‌ల రెండు పేజీలు ఇట్ల రాయొచ్చు: ఈ ఊరు నా అమ్మగారి ఊరు, సర్వేల ఇన్ని ఇండ్లు నా చుట్టాలవి, నేను ఆడమనిషిని గాబట్టి కల్లు కాంపౌండ్ కాడ మాటలు నాకు దొరకలేదు, దళితవాడకు నాతోని ఫలానా ఆయన వచ్చిండు గాబట్టి అక్కడ నాకు చెప్పిన జవాబులు ఆయన వింటుండంగ చెప్పినయి. ఇట్ల రాస్తే వైవాల, అంటే ఆఖరి మౌఖిక పరీక్షల, ప్రశ్నలొస్తయని భయపడ్తరు. రానీ, అవే అడగాల్సిన ప్రశ్నలు.

కృతజ్ఞతల పేజీ కూడా అంతే. గైడుకు, డీన్‌కు, లైబ్రరీకి, దేవునికి వరుసగ దండం పెట్టి, ఆఖర్ల 'నా కుటుంబ సభ్యులకు' అని ఒక లైన్ ఉంటది. ఆ లైన్ల ఎవరు ఏం చేసిన్రో రాస్తే బాగుంటది. అత్తమ్మ నాలుగేండ్లు పిల్లను చూసింది, తమ్ముడు తన చదువు ఆపి ఫీజు కట్టిండు, భార్య తొంభై ఇంటర్వ్యూలు విని కాయితం మీద ఎక్కించింది. ఇంటర్వ్యూలు ఎక్కించిన భార్య పేరుకు అసలు జాగా మెథడాలజీ చాప్టర్, ఎందుకంటే ఆమె చేసింది సాయం కాదు, పరిశోధన పని.

ఇక ఊరికి బాకీ తీర్చే పద్ధతి ఒకటుంది, ఖర్చు లేనిది. సబ్మిట్ చేసేముందు, ఎవరి గురించైతే రాసిన్రో వాళ్ళ వాకిట్ల కూసొని ఆ పేజీలు తెలుగుల చదివి వినిపించుడు. ఒక ఆదివారం చాలు. మామ పీట మీద కూసొని బీడీ ముట్టిచ్చుకుంట వింటడు, అత్తమ్మ తలుపు సందుల నిలబడి వింటది, రెండు బోర్లు ఫెయిలైనయ్ అన్న కాడ ఆమెనే ముందుగ అందుకుంటది, 'రెండు కాదు బిడ్డా మూడు, మూడోదానికే నా తాడు పోయింది, అది రాయి' అని.